శివరాత్రికి ఆలస్యమైన నీడ

పదవీ విరమణకు మూడేళ్ళ ముందు, ఒక ఫిబ్రవరి మొదటి వారంలో, కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక మండలానికి సర్వేయర్‌గా బదిలీ అయ్యాను. అప్పటికే భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు, ఉపగ్రహాల సాయంతో కొలిచే రోవర్లు వచ్చాయి. పాత దిక్సూచి పెట్టె బీరువా మీద దుమ్ము కొట్టుకుపోతుండేది. సర్వేయర్ పని అంటే జనం గొలుసు లాగడమే అనుకుంటారు. నిజానికి సగం పని దాయాదుల మధ్య నిలబడి తిట్లు తినడం.

ఆ నెలలోనే తహసీల్దారుకు ఒక అర్జీ వచ్చింది. రాసినవాడు శివారెడ్డి, నలభై ఏళ్ళ రైతు. ఆరోపణ అతని పెదనాయన మద్దిలేటి రెడ్డి మీద. ఇద్దరి చేలకూ కలిపి ఒకటే బోరు, ఒకటే మోటారు. గట్టు మీద నిలువుగా పాతిన రాయి, దాని ఉత్తరాన ఒక నాపబండ, బండ మీద ఉలితో చెక్కిన గీత. రాయి నీడ గీత మీదికి వచ్చేదాకా నీళ్ళు మద్దిలేటివి, తర్వాత శివారెడ్డివి. బావి కాలంలో వాళ్ళ తాతలు పెట్టుకున్న ఏర్పాటు అది. పగటి కరెంటు మాత్రం గడియారం ప్రకారం వస్తుంది, పోతుంది. అందుకే నీడ ఆలస్యమైతే నష్టం శివారెడ్డికే. వేరుశనగ కాయ ఊరే రోజులవి. నీడ ఆలస్యం కావాలనే పెదనాయన బండను తిప్పాడని అర్జీ.

ఇద్దరికీ నోటీసులిచ్చి, గ్రామ రెవెన్యూ అధికారిని వెంటబెట్టుకుని వెళ్ళాను. దిక్సూచి పెట్టె మోయడం ఎందుకులే అని ఆఫీసులోనే వదిలేశాను. ఆ బద్ధకమే కొంప ముంచింది.

శివారెడ్డి ఫోన్ తీసి చూపించాడు. "దీపావళప్పుడు ఫోన్‌లో పన్నెండు కొట్టేసరికి నీడ గీత మింద ఉండె సార్. ఇప్పుడు చూడండి, అరగంట పోతే గానీ రాదు. బండను తిప్పకపోతే ఎట్లొస్తాది?"

సరిగ్గా పన్నెండుకు చూశాను. నీడ గీతకు పడమటగా, అర జానెడు పైనే దూరంలో ఉంది. గీతను తాకేసరికి పన్నెండూ ముప్పై మూడు.

మద్దిలేటికి డెబ్బై దాటి ఉంటాయి. చేతికి గడియారం లేదు, జేబులో ఫోన్ లేదు. ఆయన గొంతు పెంచలేదు. "బండ యాడికీ పోలేదు సారూ. దీపావళికి బళ్ళో అన్నం గంటా నీడా జతగా వస్తాయి. శివరాత్రికి గంట ముందర, నీడ ఎనక. మా నాయన కాలం నుంచీ అంతే. నాకు తెలిసింది ఇంతే" అన్నాడు.

నేను వినలేదు. బండ తిరిగి ఉందని పంచనామా రాశాను. సంతకం పెట్టమంటే ఆయన పెన్ను ముట్టలేదు. గట్టు మీది గుర్తులు జరిపితే పోలీసు కేసు దాకా పోతుంది. సాయంత్రానికి ఊరంతా ఆయన్ను దొంగ అనేసింది. నా నివేదిక తహసీల్దారు బల్ల మీదికి చేరింది.

మర్నాడు పొద్దున బస్టాండులో టీ తాగుతుంటే మద్దిలేటి అన్న ఆ బడిగంట మాట మళ్ళీ చెవిన పడినట్లయింది. శిక్షణ రోజుల్లో మా మాస్టారు సూర్యుణ్ణి చూసి ఉత్తరం కనుక్కోవడం నేర్పేవారు. ఎండలో మమ్మల్ని నిలబెట్టి ఒక మాట పదేపదే అనేవారు: భూమి ఏడాదంతా ఒకే వేగంతో నడవదు. జనవరిలో సూర్యుడికి దగ్గరై తొందరపడుతుంది, జూలైలో నెమ్మదిస్తుంది. తొందరపడిన రోజుల్లో మళ్ళీ సూర్యుడికి ఎదురు రావడానికి తన చుట్టూ తాను కాస్త ఎక్కువ తిరగాలి. అందుకే నడిమధ్యాహ్నం గడియారం కంటే రోజుకు కొన్ని సెకన్లు ఆలస్యమవుతూ పోతుంది. భూమి వాలి తిరగడం కూడా దీనికి తోడై, దీపావళి నుంచి శివరాత్రికి అది అరగంట అవుతుంది. భూమి వేగం మారితే ప్రళయమే అనుకుంటాం. ఏటా మారుతూనే ఉంది, మనం గడియారం చూసుకుంటూ గమనించం, అంతే.

టీ సగంలోనే వదిలేశాను. ఆఫీసుకు పోయి పెట్టె దుమ్ము దులిపి, ఒంటరిగా మళ్ళీ ఆ చేనికి వెళ్ళాను. నడిమధ్యాహ్నం నీడ సరిగ్గా ఉత్తరానికే పడుతుంది. గీత మీద దిక్సూచి పెట్టాను. గీత సరిగ్గా ఉత్తరం చూపుతోంది. బండను వెంట్రుకవాసి కూడా ఎవరూ తిప్పలేదు.

నా నివేదిక తప్పని నేనే రాసి తహసీల్దారుకు ఇచ్చాను. ఆయన నాకు మెమో ఇచ్చారు. న్యాయమే. తర్వాత గ్రామ చావిడిలో ఆ ఇద్దరి ముందూ, పది మంది ముందూ కొత్త నివేదిక చదివాను. శివారెడ్డి తల దించుకుని, "తప్పయిపాయ పెదనాయనా" అన్నాడు.

మద్దిలేటి అతనివైపు చూడలేదు. నన్నే అడిగాడు. "అయితే బండ తిరగలేదు. భూమి తొందరపడింది. అంతేనా సారూ?"

అంతే అన్నాను.

"అట్లయినా ఆ అరగంట నీళ్ళు పారింది నా చేన్లోనే గదా" అని శివారెడ్డి వైపు తిరిగాడు. "రేపట్నుంచి నీ ఫోన్ చూసే తిప్పుకో శివా. బండను మాత్రం పెరకొద్దు" అన్నాడు. అప్పుడు పెన్ను అడిగి తీసుకుని, కొత్త పంచనామా మీద సంతకం చేశాడు.

రిటైరయ్యాక ఒకసారి ఆ దారిన పోతూ బస్సు దిగాను. మద్దిలేటి లేడు. బండ ఉంది. శివారెడ్డి దాని చుట్టూ గడ్డి పెరగనివ్వలేదు. నీడ గీత మీదికి వచ్చేదాకా నిలబడ్డాను. ఆ ఎండ, ఆ దుమ్ము, ఆ గొలుసు బరువు, అన్నీ తిరిగి కావాలనిపించాయి.

ఆ ఫిబ్రవరి తర్వాత, రిటైరయ్యేదాకా, నా ప్రతి నివేదికలోనూ ఒక వాక్యం ఎక్కువ రాశాను. ఏది జరిగిందో చెప్పే ముందు, దేనితో కొలిచానో.