రాహుకాలంలో కోమలి గేటు

కార్వేటినగరంలో మా ఎదురింట్లో, రేకు కొట్టిన ఎత్తయిన గేటు వెనకాల కోమలి ఉంటుంది. జాకెట్లకు హుక్కులు, కాజాలు, చేతికుట్టు, చీర కొంగులకు కుచ్చులు ఆమె పని. జాకెట్టు ఏ టైలరు కుట్టినా చివరి కుట్టు మాత్రం కోమలి చేతిమీదే పడాలని ఆడవాళ్లు పట్టుబడతారు. పనితనం ఒక్కటే కారణం కాదు. ఆమె పక్కన కూర్చుంటే ఊళ్లో ఎవరి గురించైనా ధైర్యంగా మాట్లాడుకోవచ్చు. ఆమె నోటికి భయపడనివాళ్లు మా వీధిలో లేరు, నాతో సహా.

నడుము కింద ఆమెకు కదలిక లేదు. పెళ్లీడులో ఉండగా, నాయన కౌలుకు తీసుకున్న తోటలో తోతాపురి మామిడికాయలు కోస్తూ కొమ్మ విరిగి పడిపోయింది. చెయ్యో కాలో అయితే పుత్తూరులో కట్టు కట్టించుకుని తిరిగి వచ్చేది. నడుము చూసి అక్కడివాళ్లే తిరుపతికి తీసుకుపొమ్మన్నారు. తిరుపతిలో ప్రాణం నిలబెట్టి చక్రాల కుర్చీ రాసిచ్చారు. ఎవరైనా జాలిపడబోతే ఆమె ఒకటే అంటుంది: "నేను పడినాక ఆ చెట్టుకు కాపు తగ్గలేదు లేమ్మా. నాకెందుకు తగ్గల్ల?"

నాయన పోయాక అన్న బాలచంద్ర ఆమెను తన దగ్గరే ఉంచుకున్నాడు. పుత్తూరులో అతనికి రంగుల దుకాణం ఉంది. చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే చెడ్డవాడంటూ ఎవరూ లేకుండానే ఈ ఇంట్లో ఒక మనిషిని లోపల పెట్టి తాళం వేశారు.

నిరుడు ఒకతను నగలకు మెరుగు పెడతానంటూ వచ్చాడు. కోమలి గడియ తీసి లోపలికి రమ్మంది. అతను వదిన సుజన వెండి పట్టీలను ఏదో పొడిలో ముంచి, డబ్బాలో పెట్టి, చల్లారాక తెరవమని చెప్పి వెళ్లిపోయాడు. తెరిస్తే పసుపు కలిపిన ఇసుక ఉంది. సుజన ఏడ్చింది. బాలచంద్ర అరవలేదు, చెల్లెలిని ఒక్క మాట అనలేదు. తిరుపతి నుంచి దయానంద్ అనే అతన్ని పిలిపించి ఇల్లంతా ఫోనుకు అప్పగించాడు.

దీపాలు, ఫ్యాన్లు, నీళ్ల మోటారు, గేటుకు కొత్తగా బిగించిన కరెంటు తాళం, అన్నీ ఒక చిన్న పెట్టెకు కలిశాయి. ఆ పెట్టెలోని సాఫ్ట్‌వేరుతో బాలచంద్ర పుత్తూరులో కూర్చుని మా వీధిలో దీపం వెలిగించగలడు. కోమలి గదిలో, ఆమెకు అందే ఎత్తులో, గోడకు ఒక ట్యాబ్ తగిలించారు. అందులో లైటుకు, ఫ్యానుకు, టీవీకి పెద్ద పెద్ద బొత్తాలున్నాయి. గేటుకు లేదు. గేటు లోపలివైపు చేత్తో తిప్పే పిడి ఒకటుంది గానీ, అది నిలబడగలిగినవాళ్లకే అందుతుంది.

"ఇంక నీకు ఎవుర్నీ పిలిసే పని లేదు కోమలా. ఏలు పెడితే సాలు, గాలి వస్తాది," అన్నాడు బాలచంద్ర సంబరంగా.

"గాలి వస్తాది సరే. మనుషులు ఎట్ల వస్తారు?"

"నాకు ఫోను సెయ్యి. నేను తీస్తా గదా!"

ఇది చాలదన్నట్టు సుజన దయానంద్‌ను అడిగింది. "దీంట్లో రాహుకాలం ఉండాదా అబ్బా?"

"టైము సెప్పక్కా, మిగతాది అదే సూసుకుంటాది."

అరవదేశం పక్కనే ఉన్నందువల్లో ఏమో, మా వైపు రాహుకాలం పట్టింపు మరీ ఎక్కువ. ఆ వేళ ఎవరూ కొత్తపని మొదలుపెట్టరు, గడప దాటరు. అది మొదలవగానే గేటు దానంతటదే మూసుకునేలా, ముగిసేదాకా ఎవరు నొక్కినా తెరుచుకోకుండా దయానంద్ పెట్టి వెళ్లాడు. అయితే శుక్రవారం రాహుకాలంలోనే అమ్మవారికి నిమ్మడొప్పల్లో దీపాలు పెట్టే ఆచారం కూడా మాకుంది. కాబట్టి సుజన శుక్రవారాలు పదిన్నర కాకముందే పళ్లెం సర్దుకుని గుడికి వెళ్లిపోతుంది. వెనకాల గేటు పడుతుంది. పన్నెండు దాకా ఇంట్లో కోమలి ఒక్కతే. రాహువు బారి నుంచి అందరూ క్షేమంగా బయటపడ్డారు, ఆమె తప్ప.

అలాంటి ఒక శుక్రవారం మోహన వచ్చింది. వెనక వీధిలో ఉంటుంది. కూతురు రూపశ్రీకి ఆ సాయంత్రం నిశ్చితార్థం. జాకెట్లు కోమలి ఒడిలో సిద్ధంగా ఉన్నాయి.

"కోమలీ! గేటు తియ్ మే!"

"నా సేతిలో లేదు మోహనా! మా అన్నకు ఫోను సేస్తా ఉండా, ఎత్తలేదు!"

"నీ గేటు తీసేదానికి పుత్తూర్లో ఉండే మీ అన్న యాల మే?"

"ఆయన ఎత్తినా లాబం లేదు! రాహుకాలం అయిపోయేదాకా అది తెరుసుకోదు!"

"రాహువు సంగతి నేను సూసుకుంటా. నువ్వు జాకెట్లు ఇయ్యి!"

గేటు వరండా కప్పుదాకా ఉంది. చెయ్యి దూరే సందు కూడా లేదు. బాలచంద్ర లారీలోంచి డబ్బాలు దించుకుంటూ ఫోను వినలేదు. మోహన ఎండలో నిలబడి నిలబడి, చివరికి వీధంతా వినేలా అరిచింది. "ఏమ్మే, నిన్ను జైల్లో ఏసినారా ఏంది? సెప్పు, బెయిలు తెస్తా!"

వీధంతా నవ్వింది. మోహన వెళ్లిపోయింది, నిశ్చితార్థం పనుల్లో పడి మళ్లీ రాలేకపోయింది. రూపశ్రీ పాత జాకెట్టుతోనే పీటల మీద కూర్చుంది.

తర్వాత కోమలి ఇంటికి సంచులు రావడం తగ్గింది. తప్పు ఆడవాళ్లది కాదు. ముహూర్తం పెట్టుకున్నవాళ్లు తెరుచుకుంటుందో లేదో తెలియని గేటును ఎందుకు నమ్ముతారు? కానీ ఆ సంచులతో పాటే వీధి ఆమె గదిలోకి వచ్చేది. తగువులు, సంబంధాలు, ఎవరింట్లో ఏం వండారో, అన్నీ. అవి ఆగిపోతే ఆమెకు మిగిలేది గోడమీద ట్యాబ్.

గేటు బొత్తాం తనకూ కావాలని ఆమె అన్నను అడిగింది. అతను దయానంద్‌ను అడిగి వచ్చి చెప్పాడు. "అది దాంట్లో లేదంట కోమలా. నీ ఫోను దాంతో కలవదంట."

కోమలి నమ్మలేదు. ఫోనులో అరవ వీడియోలు వెతికింది. ఆ సాఫ్ట్‌వేరు గురించే ఒక కుర్రాడు గుక్కతిప్పుకోకుండా అరవంలో చెబుతున్నాడు. సగం అర్థమై, సగం కాక, నన్ను కేకేసింది.

"ఒరే ప్రసాదూ, నీ ల్యాప్‌టాప్ ఎత్తుకోని రా. వీడు ఉండాదంటాడు, ఆ తిరపతోడు లేదంటాడు. ఎవుడు అబద్ధమో తేల్సు."

తేలింది. ఇంట్లో ప్రతి ఒక్కరి ఫోనునూ కలుపుకోవడం, ఎవరు ఎప్పుడు ఏం నొక్కారో చూపించే చిట్టా, నోటితో చెబితే వినడం, ఇవన్నీ ఆ సాఫ్ట్‌వేరుతో పాటే వస్తాయి. విడిగా కొనేవి కావు. సెట్టింగుల ఫైలులో ఒకే ఒక్క పంక్తి ఉంటే చాలు, అన్నీ పనిచేస్తాయి. మామూలుగా ఆ పంక్తి మొదటినుంచే ఉంటుంది. దయానంద్ దాన్ని చెరిపేసి, తనకు కావలసినవి మాత్రం రాసుకున్నాడు. ఫోను చేసి ఎందుకని అడిగాను.

"పెట్టె మీద బరువు పడకూడదని సార్."

"మరి లేదని ఎందుకు చెప్పినావు?"

"ఓనరు తనకు కావల్లని అడగలేదు గదా సార్. ఆయమ్మకని అడిగినాడు."

ఉన్నదాన్ని లేదని చెప్పడం మనకు కొత్త విద్య కాదు. రేషను కొట్టు దగ్గరా ఆఫీసు కిటికీ దగ్గరా పుట్టినప్పటినుంచీ వింటున్నదే. చెప్పేవాడు మారాడు, అంతే. వినేవాళ్లు ఎప్పుడూ వాళ్లే.

ఆ పంక్తి మళ్లీ రాయాలంటే పాస్‌వర్డు కావాలి. అది బాలచంద్ర దగ్గర ఉంది. దుకాణం పేరో దేవుడి పేరో పెట్టి ఉంటాడు, ఊహించి చూద్దామన్నాను. కోమలి కళ్లెర్ర చేసింది.

"దొంగతనంగా దూరేదానికి నేనేమన్నా మెరుగు పెట్టేవోడినా? అడిగి తీసుకుంటా. ఆయన సేత్తో ఇయ్యల్ల."

అడిగింది. బాలచంద్ర ఇవ్వలేదు. "నీ మంచికే కోమలా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నుంచి కోమలి ట్యాబ్ ముట్టుకోవడం మానేసింది.

"వదినా, ఫ్యాను!"

సుజన వంటింట్లోంచి పరుగున వచ్చింది. "గోడకుండాది గదా కోమలా?"

"ఏలు నొప్పి వదినా. ఇంకొంచెం పెంచు. అబ్బా, అంత వద్దు."

సుజన వంటింటి గుమ్మం చేరీ చేరకముందే మళ్లీ కేక. "వదినా, టీవీ!" అటు తర్వాత, "సౌండు తగ్గించు వదినా!" చీకటిపడి దీపాలు వాటంతటవే వెలిగితే, "వదినా, కండ్లకు కొడతా ఉండాది, ఆర్పు!" ఆర్పితే, "సూది కనబడలేదు వదినా!"

ఆ ట్యాబ్ పెట్టించిందే సుజనకు ఈ తిప్పలు తప్పించడానికి. కొన్నాళ్లు ఓర్చుకుంది. ఒక ఆదివారం భోజనాల దగ్గర గరిటె నేలకు కొట్టింది.

"ఆ పాసువర్డు ఏందో ఆయమ్మికి ఇచ్చేయండి! తిరిగి తిరిగి నా కాళ్లు పడిపోతా ఉండాయి!"

అన్నాక నాలుక కరుచుకుంది. ముందు నవ్వింది కోమలే.

"పడిపోనీలే వదినా. నా పక్కన ఇంగో కుర్చీ ఏసుకుందాం."

బాలచంద్ర కంచం ముందు నుంచి లేచి, ల్యాప్‌టాప్‌తో రమ్మని నన్ను పిలిపించాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, నా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, పాస్‌వర్డు తనే కొట్టాడు. నేను ఆ ఒక్క పంక్తి రాసి పెట్టెను మళ్లీ మొదలుపెట్టాను. అన్నాళ్లూ లేదన్నవన్నీ తెరమీద వరసగా వచ్చి నిలబడ్డాయి. కోమలి పేరుతో ఖాతా తెరిచాం, ఆమె ఫోను కలిపాం, అందులో గేటు బొత్తాం పెట్టాం. ఆమె దాన్ని వెంటనే నొక్కలేదు. కొంగుతో తెర తుడిచి, మరోసారి చూసుకుంది.

"రాహుకాలం మాత్రం తీసెయ్యద్దు నాయనా," అంది సుజన నాతో.

"ఉండనీలే వదినా," అంది కోమలి. "అది మూస్తే మూయనీ. నేను తీస్తా."

మూసే ఏర్పాటు అలాగే ఉంచి, తెరవనివ్వని షరతు ఒక్కటి తీసేశాను.

శుక్రవారం వచ్చింది. సుజన నిమ్మడొప్పలతో గుడికి వెళ్లింది. గేటు మూసుకుంది. కోమలి ముందుగానే కబురు పెట్టడంతో మోహనా, మరికొందరు ఆడవాళ్లూ సంచులతో వచ్చి నిలబడ్డారు. పనికంటే వింత చూడ్డానికే ఎక్కువమంది వచ్చారు. కోమలి బొత్తాం నొక్కింది. తాళం టక్కుమంది. మోహన గేటు నెట్టేలోపే మళ్లీ టక్కుమని పడింది.

"ఏంది మే, ఎగతాళా?"

కోమలి ఫోనులో చిట్టా తెరిచి, బయటికి వినబడేలా చదివింది. "కోమలి తెరిసింది. బాలచంద్ర మూసినాడు."

గేటు తెరిచినట్టు అతని ఫోనుకు కూడా తెలుస్తోంది. ఆమె మళ్లీ తెరిచింది. అతను మళ్లీ మూశాడు. బయట ఆడవాళ్లు పందెంకోళ్లను ఎగేసినట్టు అరుస్తున్నారు. ఈసారి టక్కుమనగానే మోహన భుజంతో గేటు నెట్టి, చెప్పుకాలు అడ్డం పెట్టింది. తాళం నాలుక బయటికొచ్చి గాలిని కొరికింది.

వెంటనే ఫోను మోగింది. కోమలి స్పీకరు పెట్టింది.

"కోమలా, మంచి గడియ కాదు, మూసెయ్. ముందే ఒకసారి మోసపోయినాం."

"నువ్వు మొన్న రంగు డబ్బాల్లో నీళ్లు కలిపినోడి దగ్గర సరుకు దించుకోలేదా అన్నా? నీ దుకాణానికి ఎవురన్నా తాళం ఏసినారా?"

"నేను నీకోసరం..."

"నాకోసరం అయితే నన్నడుగు. ఇంగోసారి మోసపోతానేమో. పోతా. మోసపోయేదానికి గూడా నాకు గేటు కావల్ల."

బాలచంద్ర ఫోను పెట్టేశాడు.

ఆడవాళ్లు చెప్పులు విడిచి లోపలికి నడిచారు. కోమలి మోహన సంచి అందుకుని, జాకెట్టు తిరగేసి చూసి, "ఎవురు మే ఈ చంక కుట్టింది, చెయ్యెత్తితే పిగిలిపోతాది," అని తిట్టడం మొదలుపెట్టింది.

సుజన గుడి నుంచి వచ్చేసరికి రాహుకాలం ఇంకా పోలేదు. గేటు బార్లా తెరిచి ఉంది, వరండా నిండా చెప్పులు. ఆమె గడప బయట ఆగిపోయింది. ఇంతలో ఆమె చేతిలో ఫోను మోగింది.

"ఇంటికి పోయినావా? గేటు మూయమని ఆయమ్మికి సెప్పు," అంటున్నాడు బాలచంద్ర.

సుజన లోపలికి చూసింది. కోమలి నోట్లో సూది పట్టుకుని, ఏమంటావన్నట్టు కళ్లెగరేసింది.

"మీరే సెప్పుకోండి," అంది సుజన ఫోనులో. "మల్లా ఫ్యాను ఏసేదానికి నా వల్ల కాదు."

పళ్లెం పట్టుకుని, చెప్పుల మధ్య చోటు చూసుకుంటూ లోపలికి వెళ్లింది. గేటు అలాగే వదిలేసింది.