చెరువులో పెదనాయన కట్టిన రేవు

పోయిన వారం మా మనవడు నన్ను కారెక్కించుకుని, ఎర్రమంచి దాటాక ఒకచోట ఆపి, తాను కొనబోయే ఇంటి స్థలం చూపించాడు. చెరువు అంచును మట్టితో పూడ్చి, సిమెంటు గోడ కట్టి, ఆ గోడ మీదనుంచి నీళ్ళలోకి వంతెనలాంటిదొకటి చాచి మధ్యలో వదిలేశారు. దాని చివర నిలబడి ఫోటోలు తీసుకోవచ్చునట. నాకు నవ్వొచ్చింది. ఇలాంటి వెధవ పనిని నేను అరవై ఏండ్ల కిందటే చూశాను. చూడడమే కాదు, గడ్డపార పట్టి పీకాను కూడా.

మా ఊరు ధర్మవరం నుంచి బత్తలపల్లికి పోయే దారికి కాస్త లోపలగా ఉంటుంది. మా నాయనకు అన్న, అంటే మా పెదనాయన, చెరువును ఆనుకున్న పొలం తన వాటాకు వచ్చిన నాటినుంచి నేలమీద నడవడం మానేశాడు. యాభైలలో ఒకసారి బెంగళూరు పోయి, అక్కడి చెరువులో దొరలు పడవ షికారు చేయడం చూసి వచ్చి, తనకూ అలాంటి రేవు కావాలన్నాడు. మూడేండ్లకొకసారి నిండితే పండగ చేసుకునే చెరువు మాది! అందులోకి నిలువెత్తు రాతిగోడ కట్టించి, గోడకు ఇవతలి చెరువు జాగాను మట్టితో నింపి తన పొలంలో కలుపుకుని, ముందుకు పొడవాటి రాతి రేవు చాపించి, హిందూపురం మీదుగా లారీలో చెక్కపడవ తెప్పించాడు. అది నీళ్ళలో తేలిన రోజులకంటే బురదలో కూర్చున్న రోజులే ఎక్కువ. ఎండాకాలమంతా మా పెద్దమ్మ కోళ్ళు అందులో గుడ్లు పెట్టేవి. అయినా ఏ అధికారి వచ్చినా పెదనాయన సిల్కు జుబ్బా తొడుక్కుని, ఎండిన చెరువులోకి చాచిన ఆ రేవు మీద కుర్చీలు వేయించి కాఫీ ఇప్పించేవాడు. వాళ్ళు మొహమాటానికి మెచ్చుకుంటే నిజమనుకుని ఉబ్బిపోయేవాడు. నన్ను మాత్రం ఎందుకు వదలాలి? అప్పుడే పెనుకొండ తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరిన నేను, తోటి గుమాస్తాలను పిలుచుకొచ్చి ఆ పడవ ఎక్కించి, అది నాదైనట్టే మీసం దువ్వుకున్నవాణ్ణి. అంత రాయి ఎక్కడిదని నేనూ అడగలేదు, ఊరూ అడగలేదు.

అరవైలలో ఒక ఏడు వానలు విరగబడి కురిశాయి. చెరువు నిండితే మిగులు నీళ్ళు పొర్లిపోయే మరవ, తాతల నాటి రాతికట్టు, ఒక్క పూటలో కొట్టుకుపోయి, మధ్యాహ్నానికల్లా చెరువు ఖాళీ అయింది. కింద నాట్లు వేసుకున్న వరిమళ్ళలో ఇసక మేట వేసింది. పెదనాయన తన రేవు మీద నిలబడి, ఇదంతా గంగమ్మ కోపమని తేల్చేశాడు.

రెండు రోజులకు, మళ్ళకు నీళ్ళు వదిలే నీరుగంటి తాత మా నాయనను ఆ గోడ దగ్గరికి పిలుచుకుపోయాడు. నేనూ వెంట ఉన్నాను. అడుగు వరసల్లోని పెద్ద బండలను తడిమి చూపించి, "ఏమప్పా, ఇవి యాడివో గుర్తు పట్టలేదా? మరవ కింద నీళ్ళ దెబ్బ కాసే బండలు. మీ అన్న బండ్లకెత్తి తోలిస్తాంటే చూసినా. చెప్పేదానికి నోరు రాలేదు" అని ఏడ్చాడు. కొండనుంచి రాయి తెప్పించే ఓపిక లేక ఆ మహానుభావుడు ఊరి మరవ కాళ్ళు విరిచి తన షికారుకు రేవు కట్టుకున్నాడన్నమాట.

నాయన తిట్టలేదు, పంచాయితీ పెట్టలేదు. ఆ తర్వాత వచ్చిన ఎండాకాలం, నేను సెలవు పెట్టి వచ్చిన మరునాడే, పైరు పోయిన పదిమందిని పిలుచుకుని రేవు కొసనుంచి పీకడం మొదలుపెట్టాడు. సున్నపు గార ఊడగొట్టి, బండ కింద గడ్డపార దూర్చి లేపి, తాటిమొద్దుల మీద దొర్లించి బండ్లకెక్కించేవాళ్ళం. నా గుమాస్తా చేతులు మొదటి రోజే బొబ్బలెక్కాయి.

పెదనాయన గొడుగు వేసుకుని వచ్చి అరిచాడు. "తమ్ముడివై ఉండి నా గోడ మీద గడ్డపార ఎత్తుతావా? కోర్టుకు పోతా!"

"పో అన్నా. ఈ రాళ్ళు యాడివో ఆడ జడ్జి ముందర నువ్వే చెప్పు" అన్నాడు నాయన, తల ఎత్తకుండానే.

కోర్టుకు పోలేదు గాని రోజూ వచ్చి నిలబడి, పనిచేసేవాళ్ళను పేరుపేరునా తిట్టేవాడు. మూడో రోజు, మొగుడి ముందు ఏనాడూ గొంతెత్తని మా పెద్దమ్మ, మజ్జిగ కుండ నెత్తిన పెట్టుకుని గట్టు దిగి వచ్చింది.

"నా గోడ పీకేవాళ్ళకు మజ్జిగ తెస్తావా? సిగ్గు లేదా నీకు?"

"సిగ్గుండబట్టే తెస్తాండా" అని, ఆమె మొదటి లోటా నీరుగంటి తాతకు అందించింది.

పెదనాయన గొడుగు ముడుచుకుని ఇంటికి పోయాడు. మళ్ళీ రాలేదు. గోడంతా విప్పి, లోపలి మట్టిని పొలాలకు తోలి, బండలు మరవకు చేర్చి కట్టేసరికి నెలన్నర పట్టింది. పడవను పెద్దమ్మ ఎద్దుల గాడిగా మార్పించింది.

దీని తర్వాత పెదనాయనకు బుద్ధి వచ్చిందని మీరనుకుంటే పొరపాటు. ఏడాది తిరక్కుండానే, ఊరి మేలు కోసం తన గోడను తానే విప్పించి మరవకు రాళ్ళు దానం చేశానని వచ్చిన ప్రతి అధికారికీ చెప్పడం మొదలుపెట్టాడు. ఒకాయన దండ కూడా వేశాడు. ఆ మాట విని మా నాయన, చెరువులో నీళ్ళు నిలిస్తే చాలులే అని ఊరుకున్నాడు. నాకు మాత్రం ఈనాటికీ ఆ దండ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

చెరువు మళ్ళీ నిండిన ఏడు, మరవ పారుతోందని తెలిసి ఊరు ఊరంతా, చంకబిడ్డలతో సహా, పసుపు కుంకుమలు పట్టుకుని పోయింది. ఆ చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినబడకపోయినా అందరూ మాట్లాడుతూనే ఉన్నారు. ఈ మధ్య కూడా వానలు బాగా పడి మరవ పారింది. ఎవరైనా వస్తారేమోనని ఆటో కట్టించుకుని పోయి, సాయంత్రం దాకా నిలబడ్డాను. నీళ్ళు అంతే తెల్లగా దూకుతున్నాయి. చూడడానికి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.