ఊళ్ళతో పాటు ఇచ్చిన మనుషులు

గల్ఫ్‌లో మెసయీద్ ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసిన ఏళ్ళలో, శుక్రవారం సాయంత్రాలు పక్కనున్న కార్మికుల క్యాంప్‌కు వెళ్ళి పాత శాసనాల కథలు చెప్పేవాణ్ణి. తెలంగాణ నుంచి వచ్చిన భవన నిర్మాణ కూలీలు వాటిని పురాణం అనేవారు. ఏ వారం ఏం చెప్పానో, ఎవరు ఏమడిగారో ఇంటికి రాగానే డైరీలో రాసుకునేవాణ్ణి. ఇది అందులోంచే రాస్తున్నాను.

ఒక శుక్రవారం కథ ముగిశాక తాపీ మేస్త్రి ఒకాయన నన్ను ఆపాడు. నిజామాబాద్ వైపు మనిషి, నలభై దాటినవాడు. తండ్రికి బాగాలేదని టెలిగ్రామ్ వచ్చింది. పాస్‌పోర్ట్ కంపెనీ ఆఫీసు బీరువాలో ఉంది. ఒప్పందం తీరడానికి ఇంకా ఆరు నెలలుంది.

“ఆఫీసుల ఒక్క మాట చెప్పుండ్రి సారూ. మొకం చూసి మల్లొస్త.”

“అది నా డిపార్ట్‌మెంట్ కాదయ్యా” అన్నాను. ఆ మాట అబద్ధం కాదు.

మరుసటి వారం ఒక మఠాధిపతి జీవితం ఎత్తుకున్నాను. ఎనిమిది వందల ఏళ్ళ కిందటివాడు, సామంతరాజు కొడుకు. ఇరవయ్యో ఏట గుర్రం దిగి, కత్తి మఠం గుమ్మంలో పెట్టి, వంటశాలకు నీళ్ళు మోశాడు. పెద్దయ్యాక ఆ మఠానికే అధిపతి అయ్యాడు. బాటసారులందరూ తిన్నాకే విస్తరి ముందు కూర్చునేవాడు. గదిలో పాతికమంది దాకా ఉన్నారు, అందరూ కదలకుండా విన్నారు. రాజైన ఆయన అన్నగారు ఆ మఠానికి మూడు ఊళ్ళు రాసిచ్చిన శాసనం దగ్గరికి వచ్చేసరికి నాకు ఉత్సాహం పెరిగింది. చెరువులు, గానుగలు, కుమ్మరులు, చాకళ్ళు, వడ్రంగులతో సహా ఇచ్చాడని ఒక్కొక్కటే లయగా చదివాను.

“ఆల్లను అడిగిండ్రా సారూ?” అన్నాడు మేస్త్రి.

“ఎవరిని?”

“గదే, కుమ్మరోల్లను, సాకలోల్లను. పోతరా అని అడిగిండ్రా, బర్రెల లెక్క తోలిండ్రా?”

పై మంచం మీదున్న ఎలక్ట్రీషియన్ అందుకున్నాడు. “ఊకో కాకా! నీ పాస్‌పోర్ట్ గూడ గా సామి తాననే ఉన్నదేమో, పోయి అడుగు!”

గదంతా గొల్లున నవ్వింది. మేస్త్రి నవ్వలేదు.

“మా దొర పక్కూరి దొరకు భూమి అమ్మితే, భూమెంబడి మా నాయిన గూడ పోయిండు. వెట్టి చేసిన మనిషి. గా నాయిననే ఇప్పుడు మంచంల ఉన్నడు” అని లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ శాసనం నేను ఎన్నోసార్లు చదివాను. ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. మిగిలిన కథ చెప్పలేక లేచాను.

శనివారం పొద్దున్నే మేస్త్రి పనిచేసే కంపెనీ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి అధికారి నా గుర్తింపు కార్డు చూసి కుర్చీ చూపించాడు. అంతా విని ఒక్కటే అడిగాడు:

“వో ఆప్‌కా ఆద్మీ హై క్యా?”

అతను మీ మనిషేనా అని. కాదంటే ఆ బీరువా తెరుచుకోదని అర్థమైంది. అవునన్నాను. నలభై రోజుల్లో తిరిగి వస్తాడని, రాకపోతే బాధ్యత నాదని రాయించుకున్నాడు. సంతకం చేశాను.

పాస్‌పోర్ట్ చేతికిచ్చినప్పుడు మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

“ఏమని రాసిచ్చిండ్రు సారూ?”

చెప్పాను.

“అంటే ఇప్పుడు నేను మీ మనిషిని.”

అందులో ఎత్తిపొడుపు లేదు.

అతను ముప్పై తొమ్మిదో రోజున తిరిగివచ్చాడు. సంచీ ఇంకా భుజాన ఉండగానే మా ఇంటి తలుపు కొట్టాడు.

“నాయిన?” అన్నాను.

“ఉన్నడు. గుర్తు పట్టిండు. ఇంకో నాలుగు దినాలుండు బిడ్డా అన్నడు.”

“ఉండకపోయావా?”

“మీ సంతకం ఉన్నది గద సారూ.”

మంచినీళ్ళు తాగి క్యాంప్‌కు వెళ్ళిపోయాడు. మరునాడు డ్యూటీ బస్సెక్కాడు. ఆరో రోజున తండ్రి పోయాడని మళ్ళీ టెలిగ్రామ్ వచ్చింది. ఈసారి అతను నన్నేమీ అడగలేదు.