నీలం చెప్పుల చోటు

ఆ ఎండాకాలాన్ని తలుచుకుంటే ఇప్పటికీ కలలోకి జారిపోయినట్టే ఉంటుంది. చిలకలూరిపేట మిల్లుల నుంచి ఎగిరొచ్చిన దూది నలుసులు గాల్లో మెల్లగా తేలుతుండేవి. వాటి కింద, ఆరోగ్య కేంద్రం గేటు ముందు, మనుషులకు బదులు చెప్పులు బారులు తీరి ఉండేవి. కరోనా టీకా కోసం పొద్దున్నే చెప్పులు వరసలో వదిలి, నేనూ, మా పిన్నీ వేపచెట్టు నీడన కూర్చునేవాళ్ళం. పిన్నివి పాత నీలం హవాయి చెప్పులు. వరసలో పెట్టడానికని వాటిని ఎప్పుడూ నా బండి సంచిలోనే ఉంచేవాళ్ళం.

నన్ను పెంచిన పిన్నికి ఉబ్బసం. ఆమెకు టీకా పడితేగానీ నాకు కుదురు లేదు. నాలుగు రోజులు తిరిగాం. రోజూ నర్సమ్మ బయటికొచ్చి, "స్టాక్ రాలేదండీ, రేపు రండి" అనేది.

ఫోన్లో చదివింది పిన్నికి చెప్పాను. "టీకాల మీద పేటెంట్లున్నాయట. ఆ కంపెనీలు ఒప్పుకోకుండా వేరేవాళ్ళు తయారు చేయకూడదట. సడలించమని మన దేశం కూడా అడుగుతోందట."

"అడిగితే ఇవ్వరంటావేంట్రా? నీ మొహం, సరిగ్గా చదువు!"

ఆమె నమ్మితే కదా! ఏటా ఎర్రటి మిరప కళ్ళంలో ముందుగా విత్తనానికి మంచి కాయలు ఏరేది. ఆ గింజలు బూడిదలో కలిపి మూటగట్టి, ఎవరడిగినా దోసిట్లో పోసేది. విత్తనాల కొట్టు పెట్టుకున్న నాకు ఒళ్ళు మండేది.

"ఇట్టా ఊరికే పంచితే నా దగ్గర ఎవరు కొంటారు పిన్నీ?" అని ఓసారి అరిచాను.

"విత్తనం అడిగినోడికి లేదని ఎట్టా అంటాంరా?" అని నవ్వేసింది.

అలా అరిచిన నేనే, సిగ్గులేకుండా, చెట్టుకింద కూర్చుని కంపెనీలను తిట్టాను.

ఐదో రోజు ఆమెకు జ్వరం తగిలింది. వారం తిరక్కుండానే పోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు స్టాక్ వచ్చిందన్నారు. వెళ్ళి, చెప్పులు పెట్టి, చెట్టుకింద కూర్చున్నాను. నర్సమ్మ గేటు తీసి, "ఈ నీలం చెప్పులెవరివండీ, రండి" అంది.

అలవాటుగా సంచిలోంచి తీసి, నా వాటికంటే ముందు పెట్టాను కాబోలు. "మా పిన్నివండీ, ఆమె పోయింది" అన్నాను.

వరసలో నా వెనకున్న ముసలాయన మెల్లగా అడిగాడు. "బాబూ, ఆ చోటు నాకిస్తావా?"

"రండి బాబాయ్" అన్నాను. పిన్ని చెప్పులు తీసి, అక్కడ ఆయనవి పెట్టాను.