ముగ్గురు రావులకు ఒకటే తాళం

మా ఆసుపత్రి మందుల స్టోరులో పాత డాట్ మాట్రిక్స్ ప్రింటరు ఒకటి ఇంకా బతికే ఉంది. పొద్దున్న తలుపు తీసేసరికి అది కిర్రు కిర్రుమంటూ కాగితం కక్కుతోంది, గదంతా రిబ్బను సిరా వాసన. కొత్తగా చేరిన అమ్మాయి చెవులు మూసుకుని, "దీన్ని ఎప్పుడు పారేస్తారు సార్?" అంది. నవ్వి ఊరుకున్నాను. ఆ చప్పుడు వింటే నాకు ఖరగ్‌పూర్ గోల్‌బజార్ వెనకసందులోని మా పాత ఆఫీసు, అందులో కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తిపెట్టుకుని కూర్చున్న సుగుణ దీదీ గుర్తుకొస్తారు. ఈ రోజు నేను తింటున్న అన్నంలో సగం ఆవిడ పెట్టిందే.

అది మందుల హోల్‌సేల్ కంపెనీ. చుట్టుపక్కల ఊళ్ళ దుకాణాలకూ, నర్సింగ్‌హోములకూ సరుకు మా దగ్గర్నుంచే వెళ్ళేది. యజమాని దత్తబాబు. ఆఫీసును నడిపేది మాత్రం దీదీ. వాళ్ళ నాన్నగారు భీమిలి నుంచి రైల్వే పనికి వచ్చి ఖరగ్‌పూర్‌లోనే ఉండిపోయారు. ఈవిడ అక్కడి పూరీ గేటు పేటలో పుట్టి పెరిగారు. బెంగాలీలతో బెంగాలీ, సేల్స్‌మేన్లతో ఇంగ్లీషు, మా తెలుగువాళ్ళతో సొంత ఊరి యాస. ఆవిడకంటే వయసులో పెద్దవాడైన దత్తబాబు కూడా దీదీ అనే పిలిచేవాడు.

ఆవిడకొక పద్ధతి ఉండేది. ఆఫీసుకి ఏ వస్తువు కొన్నా, దాన్ని వాడబోయే మనిషి ముందు వాడి చూడాలి. అమ్మడానికి వచ్చినవాడు చేతులు కట్టుకుని పక్కన కూర్చోవాలి, నోరు మెదపకూడదు. నేను చేరిన కొత్తలో తూకం మిషను కొన్నప్పుడు ఆ తంతు చూసి నవ్వాను. దీదీ నన్ను పిలిచి, "ఏటి బాబూ, నవ్వొస్తందా? ఆడు రైలెక్కి ఎలిపోతాడు. రేపటి నుంచీ దీంతో ఏగాల్సింది నువ్వే గదా" అన్నారు. నవ్వు ఠక్కున ఆగిపోయింది.

తొంభైల మొదట్లో ఆఫీసుకి కంప్యూటర్లు వచ్చాయి. ఏ మందు ఎంత ఉంది, ఎవరికి ఎంత పోయింది, గడువు ఎప్పుడు తీరుతుంది, ఇవన్నీ రిపోర్టులుగా తీసే ప్రోగ్రామొకటి కొనాలని దత్తబాబు ముచ్చట. ఇద్దరు అమ్మకందార్లు వచ్చారు. కలకత్తా నుంచి టై కట్టుకుని వచ్చినాయన ప్రోగ్రాము తెర మీద రంగురంగుల గుండ్రటి బొమ్మలు గీసేది. ఊరి పక్కనున్న హిజ్లీ నుంచి సైకిలు మీద వచ్చినతని దాంట్లో బొమ్మల్లేవు, ఉత్త అంకెల వరసలే. దత్తబాబు బొమ్మలకు పడిపోయాడు. దీదీ ఊళ్ళో లేని వారం చూసి, మొదటిదాన్ని పరీక్షకని పెట్టించేశాడు.

తిప్పలు పేర్ల దగ్గర మొదలయ్యాయి. బెంగాలీలకు ఇంటిపేరు చివర వస్తుంది, దాన్ని టైటిల్ అంటారు. మన ఇంటిపేరేమో ముందు ఒక్క అక్షరమై ముడుచుకు కూర్చుంటుంది. టై ఆయన హాజరుపట్టీ తీసుకుని అందరి పేర్లలో చివరి ముక్కలు ఎక్కించుకుంటూ పోయాడు. దాస్‌కి ఒక ఖాతా, పాల్‌కి ఒకటి. సరుకు చూసే నేను పైల మోహనరావుని, సరుకు పంపే ఆయన అప్పలరావు, బిల్లులు రాసే ఆయన ఈశ్వరరావు. యంత్రం లెక్కలో ముగ్గురమూ కలిసి ఒకే 'రావు'. ముగ్గురికీ ఒకటే పాస్‌వర్డ్. పొద్దున్నే ముందొచ్చినవాడు జాగ్రత్త కొద్దీ దాన్ని మార్చేవాడు, మిగతా ఇద్దరమూ గుమ్మం బయట నిలబడ్డ కొత్త అల్లుళ్ళలా తెర ముందు కూర్చునేవాళ్ళం. చివరికి ఈశ్వరరావు విసుగెత్తి, పాస్‌వర్డును గోడ మీద సుద్దతో రాసేశాడు.

ఆ నవ్వులాట నా మెడకు చుట్టుకుంది. ఒక రకం సెలైన్ సీసాల్లో లోపముంది, అమ్మవద్దని తయారీదారుల నుంచి కబురొచ్చింది. నేను కంప్యూటర్లో ఆ సరుకుకి 'ఆపు' గుర్తు పెట్టాను. రెండు రోజులు తిరక్కుండానే ఎవరో ఆ గుర్తు తీసేసి, సీసాలను నర్సింగ్‌హోముకి పంపించేశారు. రిపోర్టు చూస్తే, గుర్తు తీసినవాడు 'రావు' అని వచ్చింది. దత్తబాబు ఆ కాగితం పట్టుకుని నేరుగా నా బల్ల దగ్గరికొచ్చాడు. సరుకు చూసే రావుని నేనే, పైగా నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇంట్లో నాన్న మంచం పట్టి ఉన్నారు, చెల్లెలి చదువు నా జీతం మీదే నడుస్తోంది.

దీదీ ఆ ఉదయమే ఊరి నుంచి వచ్చి ఉన్నారు. కాగితం అందుకుని చూసి, ఒకే ఒక్క మాట అడిగారు.

"ఏ రావు?"

"రిపోర్టులో ఉందిగా దీదీ, ఇంకేం కావాలి?" అన్నాడు దత్తబాబు.

"ఇది ముగ్గురి పేరు దాదా. ముగ్గురిని విడదీసి చెప్పలేని కాగితం పట్టుకుని ఒకణ్ణి ఉద్యోగంలోంచి ఎలా పంపేస్తారు? పంపాలంటే ముగ్గురినీ పంపండి, వాళ్ళతో నన్నూ పంపండి" అని, ఆయన జవాబు కోసం చూడకుండా మా వైపు తిరిగారు. "ఇంకా సూస్తారేటి? మనిసి సంగతి తరవాత. ముందు సీసాలు తెండి. అక్కడ పేషెంటుకి ఎక్కించేస్తే ఏటి సేస్తారు?"

రిక్షా మీద వెళ్ళాం, నేనూ అప్పలరావూ. దేవుడి దయవల్ల పెట్టెలు ఇంకా విప్పనే లేదు. వాటిని వెనక్కి తెచ్చి దింపగానే అప్పలరావు దీదీ ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"నానే తీసినానమ్మా. నర్సింగ్‌హోమోళ్ళు అర్జంటని ఫోన్ సేసినారు. సరుకున్నాది గానీ పంపడానికి చలానా రాలేదు. ఏదో అడ్డం ఉన్నాదనుకుని నొక్కినాను. ఆ ఇంగ్లీసు గుర్తు నాకేటి తెలుసు?"

"నీకు తెలవదు, నిజమే. తెలవనోడికి ఆ తాళం ఇచ్చినోడిదీ తప్పే గదా" అన్నారు దీదీ. తర్వాత దత్తబాబుతో, "విన్నారు కదా, కంప్యూటర్లో ఆ గుర్తు తీసే తలుపు ఈయనకు తెరుచుకోనే కూడదు" అన్నారు. దత్తబాబు నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. నేను గోదాములోకి వెళ్ళి పెట్టెల చాటున ఏడ్చాను. నాకోసం ఒకరు తన కుర్చీని పణంగా పెట్టడం నేనెరిగి అదే మొదటిసారి.

ఆ వారమే ఇద్దరు అమ్మకందార్లనూ మళ్ళీ పిలిపించారు. దీదీ పెట్టిన పరీక్ష ఒకటే, ముగ్గురు రావులనూ ప్రోగ్రాములోకి విడివిడిగా పంపమన్నారు. టై ఆయన తేలిగ్గా, "రావు ఒకటి, రావు రెండు, రావు మూడు" అన్నాడు. ఈశ్వరరావుకి ఒళ్ళు మండింది. "మూడో రావేటి? నానేటి ప్లాట్‌ఫారమా?" ఆఫీసంతా గొల్లుమంది. హిజ్లీ అతను మాత్రం కీబోర్డు మా వైపు జరిపి, "మిమ్మల్ని ఇంట్లో ఏమని పిలుస్తారో మీరే కొట్టండి" అని హిందీలో చెప్పి, దీదీ చెప్పకుండానే చేతులు కట్టుకున్నాడు. మోహన్, అప్పన్న, ఈశ్వర్ అని కొట్టుకున్నాం. ఎవరి పని ఎంతవరకో దీదీ చెబుతుంటే అతను అంతవరకే తలుపులు తెరిచాడు. దత్తబాబు గుండ్రటి బొమ్మల కేసి చివరిసారి ఆశగా చూసి, "ఠీక్ హై" అన్నాడు.

ఆ తర్వాత కంప్యూటర్ల పనంతా దీదీ మెల్లగా నా చేతికి అప్పజెప్పారు. తెలియనిది అడిగితే ఏనాడూ చిన్నబుచ్చలేదు. నేర్చుకున్న ఆ పనే నాకు ఈ ఆసుపత్రిలో ఉద్యోగం ఇప్పించింది.

దీదీ పదవీ విరమణ రోజున దండలు, రసగుల్లాలు అన్నీ అయ్యాక నా పక్కకొచ్చి కూర్చున్నారు.

"కంప్యూటర్లోంచి నా పేరు తీసెయ్ బాబూ."

"ఉండనీయండి దీదీ, ఎవరికి అడ్డం?"

"అలా అనకు. పని ఒగ్గేసినాక తాళం సేతిలో ఉండకూడదు. అది పెద్దోళ్ళకయినా ఒకటే. నీ సేత్తోనే తియ్యి, నాను సూస్తాను."

ఆవిడ చెయ్యి నా వీపు మీద పడింది. తీశాను. ఆవిడ కళ్ళజోడు దించుకుని, తన పేరు తానే కొట్టి చూశారు. యంత్రం రానివ్వలేదు. దీదీ ముఖం వెలిగిపోయింది. "బాగా నేర్సుకున్నావు" అన్నారు.

ఆవిడ ఇప్పుడు లేరు. వచ్చే నెల నా పదవీ విరమణ. ప్రింటరు చప్పుడుకి చెవులు మూసుకున్న ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, నా పేరు ఎలా తీసెయ్యాలో ఈ రోజే నేర్పడం మొదలుపెట్టాను.