పదకొండో పెట్టెలోని మందు

2004. ప్యారడైజ్ హోటల్ వెనక సందులో, రెండో అంతస్తులో మా ఆఫీసు. నేను కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంటు దగ్గర సీనియర్ క్లర్కుని. విదేశాల నుంచి వచ్చే సరుకుకు కాగితాలు రాసి, అధికారులకు చూపించి, విడిపించడం మా పని. సాఫ్ట్‌వేర్ వాళ్ళు వెళ్ళేవాళ్ళు వెళ్తూ, తిరిగొచ్చేవాళ్ళు తిరిగొస్తూ ఉన్న రోజులు. మనిషి విమానంలో వస్తే ఇంటి సామాను వెనకాల ఓడలో వచ్చేది. దాన్ని అన్‌అకంపనీడ్ బ్యాగేజీ అంటాం, అంటే మనిషి వెంట రాని సామాను. ఏ పెట్టెలో ఏముందో చెప్పేది ప్యాకింగ్ లిస్ట్. దాన్ని చూసి కస్టమ్స్‌కి ఇచ్చే డిక్లరేషన్ రాయాలి. మిక్సీలు, బొమ్మలు, చలికోట్లు. రోజూ అవే చదివీ చదివీ విసుగొచ్చేది.

ఆ జూన్‌లో అల్వాల్ నుంచి రమణగారు, ఆయన భార్య సుజాతగారు వచ్చారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆయన నెదర్లాండ్స్‌లో ఐదేళ్ళు ప్రోగ్రామర్‌గా పనిచేశారు. నలభై ఏళ్ళు కూడా ఉండవు. చేతికర్ర పట్టుకుని మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నారో లేదో, కుడికాలు బిగుసుకుపోయి దానంతటదే ముందుకు చాచుకుంది. ఆమె వంగి మోకాలిని రెండు చేతులతో అదిమి పట్టుకున్నారు. నేను లిస్ట్ చదువుతున్నట్టు తల దించుకున్నాను.

పదకొండో పెట్టె దగ్గర ఆగాను. మందు, ఆరు డబ్బాలు.

“ఇదేం మందు సార్?”

“నాది నరాల జబ్బండి. మల్టిపుల్ స్క్లిరోసిస్ అంటారు. చూశారుగా, కాళ్ళు ఇలా అయిపోతాయి. అక్కడి డాక్టరు రాసిచ్చారు. కిందటేడాది నుంచి ఫార్మసీలోనే ఇస్తున్నారు, చట్టప్రకారం.”

ఆయన ఇచ్చిన చీటీ మీద పేరు చదివి, లేచి వెళ్ళి తలుపు మూశాను. కానబిస్.

“సార్, మన దగ్గర దీన్ని గంజాయి అంటరు.”

“తెలుసండి. కానీ డాక్టరు చీటీ ఉంది. ఫార్మసీ ముద్ర కూడా ఉంది కదా.”

“ఆ ముద్ర అక్కడికే సార్. ఇక్కడ డబ్బా తెరిస్తే కేసే. మిమ్మల్నే పట్టుకుంటరు.”

సుజాతగారు మోకాలి మీంచి చేతులు తీయకుండానే అన్నారు. “వేడినీళ్ళలో మరిగించి తాగుతారండి, అంతే. టీ ఆకు అని రాసేయండి. ఎవరు చూస్తారు?”

పన్ను పడకుండా కొత్త చీరల్ని వాడిన బట్టలని రాసిన చెయ్యి నాది. అలాంటిది పట్టుబడితే జరిమానాతో పోతుంది. ఇది పట్టుబడితే ఈ మనిషి ఈ కాలితో లాకప్‌లో కూర్చోవాలి.

“అట్ల రాయలేనమ్మా.”

“భయమా మీకు?”

“భయమే.”

రమణగారు అడ్డొచ్చి, సరైన దారిలో తెప్పించుకునే వీలుందేమో కనుక్కోమన్నారు. డాక్టరు ఉత్తరం పట్టుకుని రెండు రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగాను. చివరికి మందుల లైసెన్సుల ఆఫీసులో ఒక గుమాస్తా విని నవ్వాడు. “ఏందన్నా, గంజాయికి పర్మిషనా? గిట్ల ఇప్పటిదాంక ఎవ్వరూ అడగలే.” ఉత్తరం ఇచ్చాను. చదివాక నవ్వు ఆగిపోయింది. “పాపం, తక్లీఫ్ అర్థమైతుంది. పేషెంటు పెట్టుకునే ఫారమే లేదు మా దగ్గర. నన్నేం చేయమంటవ్ చెప్పు?”

సామాను ఇంకా రోటర్‌డ్యామ్ రేవు గోడౌన్‌లోనే ఉంది. శుక్రవారం ఓడ బయల్దేరుతుంది. పదకొండో పెట్టె తెరిచి, ఆ డబ్బాలు తీసి ఫార్మసీకి తిరిగి ఇచ్చేయమని అక్కడి ప్యాకింగ్ కంపెనీకి ఉత్తరం టైపు చేశాను. రమణగారు పెన్ను తీసుకున్నారు.

“దీనివల్ల జబ్బు తగ్గిందని కాదండి. కాలు కాస్త నా మాట వినేది.”

సంతకం పెట్టారు. నేను ఫ్యాక్స్ పంపాను. తీసేశామని మర్నాడు జవాబు వచ్చింది.

సామాను ఆగస్టు చివర్లో కస్టమ్స్ డిపోకి చేరింది. ఆయన రాలేకపోయారు. ఆయన తరఫున ఉత్తరం తీసుకుని సుజాతగారు వచ్చారు. తనిఖీ అధికారి పెట్టెల చుట్టూ ఒకసారి తిరిగి, రెండో పెట్టె, ఏడో పెట్టె తెరిపించాడు. దుప్పట్లు, పుస్తకాలు. చాలన్నాడు. సంతకం పెట్టి పక్క వరసకి వెళ్ళిపోయాడు.

ఆమె పదకొండో పెట్టె వైపు చూస్తూ నిలబడ్డారు. అక్కడివాళ్ళు మళ్ళీ అంటించిన టేపు అలాగే ఉంది.

“తెరవనే లేదు కదండీ.”

“అవునమ్మా. తెరవలేదు.”

తెరిచి ఉంటే ఏమయ్యేదో చెప్పొచ్చు. ఆయన ఎలా ఉన్నారని మాత్రం అడిగాను.

“ఇక్కడి మాత్రలు వేసుకుంటే రోజంతా మగతగా పడుకుంటారు. వేసుకోకపోతే కాలు. మా పాపని స్కూలు బస్సు దాకా నేనే తీసుకెళ్తున్నాను.” అంతే చెప్పి, వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుని వెళ్ళిపోయారు. మళ్ళీ వాళ్ళు కనబడలేదు.

ఆ తర్వాత ఇంకో పదిహేనేళ్ళు అదే పని చేశాను. ఎవరు ప్యాకింగ్ లిస్ట్ తెచ్చినా ముందు మందుల సంగతి అడిగేవాణ్ణి, ఏ మందైనా, ఎంత చిన్న సీసా అయినా. ఇంకో విషయం కూడా నేర్చుకున్నాను. కాగితం సరిగ్గా ఉంటే మన బాధ్యత తీరిపోయిందని అంతకుముందు నమ్మేవాణ్ణి. రమణగారి విషయంలో పని సరిగ్గానే చేశాను, ఇవాళ అడిగినా అదే చేస్తాను. ఆయనకి మేలు చేశావా అని అడిగితే మాత్రం అవునని చెప్పలేను.