బొమ్మలోని పత్తిచేను

మధ్యాహ్నం రెండయితే చాలు, గల్ఫులో, అల్ అజీజియాలో ఉండే రెహానా వాళ్ళ పిల్లను చూసుకునే గౌరవ్వ చేతులు కొంగుకు తుడుచుకుని, ఏసీ కింద కాళ్ళు చాపి కూర్చుంటుంది. ఏడేళ్ళ శిఫా వచ్చి ఒళ్ళో వాలుతుంది. చేతిలో ఒక ఆడపిల్ల కథ చెప్పే ఇంగ్లీషు నవల, నూటముప్పై ఏళ్ళ కిందటిది, ఈమధ్య బొమ్మలతో మళ్ళీ అచ్చేసింది. గౌరవ్వకు అక్షరం రాదు. వేలు తడిచేసుకుని పేజీ తిప్పుతూ, ఆ నలుపు తెలుపు బొమ్మలు చూసి కథ అల్లేస్తుంది. తెల్లటి నేల మీద పిల్ల పడుకున్న బొమ్మ రాగానే గొంతు తగ్గిస్తుంది. "పత్తి ఏరి ఏరి అలిసిపోయి చేన్లనే పన్నది బిడ్డ. ఇగ అవ్వొచ్చి లేపుతది."

"రాసినోళ్ళకు గూడ తెల్వదు గౌరవ్వా, గీ కథ!" అని వంటింట్లోంచి రెహానా నవ్వుతుంది.

"బొమ్మలనే కండ్లముందట కనవడ్తలేదా, రెహానమ్మా?"

మొన్న శిఫా ఆ బొమ్మ కింది వాక్యాన్ని కూడబలుక్కుని చదివింది. "అవ్వా, ఇది పత్తి కాదు, మంచు. పిల్ల చలికి చచ్చిపోయిందంట." గౌరవ్వ వేలు పేజీ మీదే ఆగిపోయింది. చదువొచ్చిన పిల్లకు ఇక తన కథలెందుకని, మెల్లగా లేవబోయింది. శిఫా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ వాక్యాన్ని అరచేత్తో మూసేసి, అరబ్బీ కలిపి తొందరపెట్టింది.

"యల్లా అవ్వా, జల్దీ లేపు. పిల్లకు చలి పెడ్తుంది."